ప్రభుత్వమే యజమాని యైనచోట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లపాటు ఒక పల్లెయందు దినపత్రిక తప్పక పరచియుండు బల్లను నిలుపుకొనుట సామాన్యమైన పని కాదు. ఆ బల్లకడ కూర్చుండువారికి రైళ్లలోను, బస్సులలోను, బ్యాంకులలోను జరుగు సమ్మెల వార్తలు క్రొత్తవి కావు. అట్టి వార్త చదువగానే మన నోట వచ్చు మొదటి మాట, "వీరికేమి లోటు? సర్కారు జీతము కదా!" అనునది. ఆ మాట యెంతవరకు న్యాయమో విచారింపదలచి, ఉదాహరణగా రైల్వేల చరిత్రను ఎన్నుకొంటిని.

ప్రైవేటు మిల్లులో తగవు వచ్చినచో యజమాని ఒకవైపు, కార్మికుడు మరియొకవైపు, నడుమ ప్రభుత్వము. కార్మికశాఖాధికారి ఇరువురను పిలిచి రాజీకి యత్నించును. కుదరనిచో వివాదము ట్రిబ్యునలునకు పోవును. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము చూపిన త్రోవ యిది. మరి ప్రభుత్వమే యజమాని యైనచో? జీతమిచ్చువాడు, చట్టము చేయువాడు, మధ్యవర్తిని నియమించువాడు, పోలీసులను పంపువాడు ఒక్కడే యగును. పైగా బల్లకావల కూర్చున్న అధికారియు జీతగాడే. "నా చేతిలో ఏమియు లేదు, పైకి వ్రాసెదను" అనును. పైవాడు ఆర్థికశాఖకు వ్రాయును. కార్మికునకు తన గోడు చెప్పుకొనుటకు యజమాని ముఖమే కానరాదు.

ఈ చిక్కును బాగుగా ఎరిగిన తెలుగువారు వరాహగిరి వేంకటగిరిగారు. 1894లో బరంపురమున జన్మించిన ఆయన, హౌరానుండి మన వాల్తేరువరకు సాగిన బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను కూడగట్టిరి. 1920 దశకమున, ఉద్యోగములనుండి తొలగింపబడినవారి పక్షమున సమ్మె నడిపిరి. అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్యకు పునాదులు వేసినవారిలో ఒకరు. 1952లో కేంద్ర కార్మికమంత్రియై, ట్రిబ్యునళ్ల చుట్టు తిరుగుటకన్న ఇరుపక్షములు ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనుటయే మేలని వాదించిరి. 1954లో బ్యాంకు ఉద్యోగుల తగవున ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా పదవిని విడిచిరి. తీర్పు నచ్చినచో పాటించి, నచ్చనిచో దిద్దుకొను ప్రభుత్వమును కార్మికుడెట్లు నమ్మును?

1960 జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు సమ్మె చేయగా ప్రభుత్వము ఆర్డినెన్సుతో అణచెను. పిదప 1966లో ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగము ఏర్పడెను. జీతభత్యములు, వారపు పనిగంటలు, సెలవులు అను మూడింటిపై ఒప్పందము కుదరనిచో మధ్యవర్తి మండలికి పంపవలెను. అయినను మండలి నిర్ణయమును సవరించు అధికారము పార్లమెంటుకే ఉంచబడెను. తలుపు తెరచిరి గాని గడియ తమవైపే ఉంచుకొనిరి!

ఇక 1974. ఆవిరియింజను నడుపువాడు, బొగ్గు వేయువాడు, బండి ఆలస్యమైనకొలది నిప్పుకడ నిలువవలసినవారే. "నడుమ విరామములు గల పని" అని పేరు పెట్టి గేటు కాపరిచేత దినమునకు 12 గంటలు చేయించెడివారు. బండికి బండికి నడుమ వాడు ఖాళీగానే యుండునట! గేటు విడిచి కదలరాని మనిషికి ఆ ఖాళీ ఎవరికి పనికివచ్చును? 1973 ఆగస్టులో ఇంజను సిబ్బంది సమ్మె చేసి పది గంటల పరిమితికి హామీ పొందిరి. మరుసటి యేట కార్మికులందరును ఎనిమిది గంటల పనిని, బోనసును, ఇతర ప్రభుత్వరంగ సంస్థలవారితో సమానమైన వేతనమును కోరిరి. ధరలు మండుచున్న కాలమది. చర్చలు సాగుచుండగనే మే 2వ తేదీన సమాఖ్యాధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజును నిర్బంధించిరి. 8వ తేదీన సమ్మె ఆరంభమయ్యెను. అందు పాల్గొన్నవారు సుమారు 17 లక్షలని చెప్పుదురు. వేలకొలది జనులు జైళ్లకేగిరి. రైల్వే క్వార్టర్లనుండి కుటుంబములను వెళ్లగొట్టిరి. ఇరువది దినములకు నాయకులే సమ్మెను విరమించిరి. అప్పుడు రాష్ట్రపతి పీఠమున నున్నవారు గిరిగారే. మంత్రివర్గపు సలహాపై నడువవలసిన పదవి అది. ఆ దినములలో ఆయన మనస్సున ఏమి మెదలెనో ఊహించుకొనవలసినదే.

బొగ్గును ధాన్యమును కదలనిచో బాధపడువాడు మంత్రి కాడు, కొని తినువాడు. కనుక సమ్మె కడపటి ఆయుధముగనే యుండవలెనని నేనును అందును. కాని చర్చల బల్లను లేపివేసినది ఎవరు? 1977లో ప్రభుత్వము మారగా, తొలగింపబడినవారిని మరల చేర్చుకొనిరి. 1979లో ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనసును అంగీకరించిరి. ఇటీవలి సంవత్సరములలో అది 78 దినముల వేతనముగా ఇచ్చుచున్నారు. అయిదేండ్లకు ఈయగలిగినదానిని గూర్చి ఆనాడు నిదానముగా మాటలాడియుండినచో అన్ని కుటుంబములు వీధిన పడియుండవు.

సంఘములయందును లోపములు లేకపోలేదు. ప్రతి పార్టీకి ఒక సంఘము. ప్రతి తరగతికి మరియొకటి. బదిలీలకొరకే చందా కట్టువారును కలరు. ఏ సంఘమునకు గుర్తింపు ఈయవలెనో రహస్య బ్యాలెటుతో తేల్చు పద్ధతి రైల్వేలలో 2007లో వచ్చెను. మరల 2013లోను, 2024 డిసెంబరులోను ఎన్నికలు జరిగెను. ఇది మంచి మార్పు. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరులో అమలునకు వచ్చినది. సమ్మెకు పదునాలుగు దినముల ముందు నోటీసు అన్ని పరిశ్రమలకును తప్పనిసరి యైనది. ఆ పదునాలుగు దినములు మాటలకు వాడుదురో, అరెస్టుల జాబితాలు వ్రాయుటకు వాడుదురో చూడవలసియున్నది.

ఒక్క సంగతి చెప్పి ముగించెదను. స్టేషనులో మీరు దిగిన పెట్టెను కడిగినవారు, ప్లాట్‌ఫారము ఊడ్చినవారు పెక్కుచోట్ల కాంట్రాక్టరు కూలీలు. 2024 బ్యాలెటున వారికి ఓటు లేదు. వారి తగవు వచ్చినప్పుడు రైల్వే అధికారి కాంట్రాక్టరును చూపును. కాంట్రాక్టరు టెండరు కాగితమును చూపును. వారిని తమలో చేర్చుకొనుడని పెద్ద సంఘములను అడుగుటకు మనకు హక్కు కలదు. టిక్కెట్టు కొనువారము మనమే కదా!