తెలుగు విని ఇంగ్లీషులో బదులిచ్చే పిల్లలు

"అన్నం తిన్నావా?" అని మనం తెలుగులో అడిగితే పిల్లలు ఇంగ్లీషులో బదులిస్తారు. అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇది మామూలే. ఇక మాట్లాడి ఏం లాభమని కొందరు తెలుగు మానేస్తారు. మానకండి అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 4 నుంచి 6 ఏళ్ళ పిల్లలు 72 మందితో ఆడించిన ఆట ఫలితాలు 2015లో వచ్చాయి. గళ్ళ అరలో మూడు సైజుల కార్లుంటాయి. అన్నిటికన్నా చిన్నది పిల్లలకు కనిపిస్తుంది, ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్ళకు కనిపించదు. వాళ్ళు "చిన్న కారు జరుపు" అంటే మధ్యరకం కారునే జరపాలి. ఒక్క ఇంగ్లీషే విని పెరిగిన పిల్లలు దాదాపు సగం సార్లే సరిగా జరిపారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళు 77 శాతం. రెండో భాష కేవలం చెవిన పడుతూ పెరిగినవాళ్ళు 76 శాతం!

ఎవరికి ఏ భాష వచ్చో, ఎవరు ఎవరితో ఏది మాట్లాడతారో గమనించే అలవాటే ఇందుకు కారణమని పరిశోధకుల ఊహ. ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోదు. ఐనా మన మాట వృథా అనుకోవడానికి మాత్రం వీల్లేదు. జవాబు ఏ భాషలో వచ్చినా, ప్రశ్న తెలుగులోనే అడుగుతూ ఉండండి.