దేశాంతరగతులైన శాస్త్రజ్ఞులు - గ్రంథమితి శాస్త్రము
(సంఘ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



విద్యాధనమును దొంగలు హరింపలేరనియు, ఇచ్చినకొలది అది పెరుగుననియు పెద్దలు చెప్పుదురు. అయితే ఆ ధనము ఒక దేశమునుండి మరియొక దేశమునకు ఏ దారిని పోవుచున్నది, ఎంత పోవుచున్నది, పోయినది మరల వచ్చుచున్నదా అను ప్రశ్నలకు వారు లెక్క చెప్పియుండలేదు. ఆ లెక్క కట్టుటకు పూనుకొన్న శాస్త్రమొకటి ఇరువదవ శతాబ్దమున రూపొందినది. ఆంగ్లమున దానిని బిబ్లియోమెట్రిక్స్ అందురు. తెలుగున గ్రంథమితి శాస్త్రమనవచ్చును.

గ్రంథములను, పరిశోధన వ్యాసములను లెక్కించి విజ్ఞానపు గమనమును తెలిసికొనుటయే ఈ శాస్త్రపు పని. దీని చరిత్రలో భారతదేశమునకును స్థానము కలదు. గ్రంథాలయములందు గణితమును ప్రవేశపెట్టవలెనని ఆచార్య రంగనాథన్ 1948 లోనే ఇంగ్లండునందలి ఒక సమావేశమున ప్రతిపాదించి, ఆ విద్యకు లైబ్రామెట్రీ అని నామకరణము చేసెను. ఏ వ్యాసమును ఎవరెవరు తమ రచనలలో పేర్కొనిరో తెలుపు సూచికను నిర్మింపవచ్చునని 1955 లో అమెరికాకు చెందిన యూజిన్ గార్ఫీల్డు వ్రాసెను. 1960ల ప్రథమార్ధమున ఆ సూచిక వెలువడినది. బిబ్లియోమెట్రిక్స్ అను మాటకు 1969 లో అలన్ ప్రిచర్డు వ్యాప్తి కలిగించెను.

శాస్త్రజ్ఞుని ప్రయాణమును వ్యాసములనుండి ఎట్లు తెలిసికొందురు? ఉద్యోగికి సర్వీసు పుస్తకమెట్టిదో శాస్త్రజ్ఞునికి ప్రచురణలు అట్టివి. ప్రతి వ్యాసముపైనను రచయిత పేరుతోపాటు ఆతడు పనిచేయు సంస్థయు, నగరమును, దేశమును ముద్రింపబడును. వాటిని కాలక్రమమున పేర్చినచో ఆతడు ఏ యేట ఎక్కడ నుండెనో ఇంచుమించుగా తేలును. ఆతనితో కలిసి వ్రాసినవారి పేర్లు స్నేహబంధములను చెప్పును. వ్యాసము చివర ఆతడు పేర్కొన్న పూర్వరచనలు ఆతడెవరివద్ద ఋణపడెనో చెప్పును.

బదిలీపై వచ్చిన ఉద్యోగి పాత కార్యాలయమునందలి మంచి పద్ధతిని క్రొత్త కార్యాలయమునకు తెచ్చుట అందరెరిగినదే. ఆతడు వచ్చుటకు పూర్వము ఫైళ్లు ఎట్లుండెనో, వచ్చిన పిమ్మట ఎట్లు మారెనో చూచినచో ఆతని ప్రభావము తెలియును. గ్రంథమితి శాస్త్రజ్ఞులు చేయునదియు ఇదియే. విదేశమున అభ్యసించిన పద్ధతిని, తిరిగివచ్చినవాడు మాత్రమే కాక, ఎన్నడును దేశము దాటని ఆతని సహచరులును శిష్యులును పేర్కొన నారంభించిరా? ఆరంభించినచో జ్ఞానము సముద్రము దాటివచ్చినదని చెప్పుటకు ఆధారము దొరకినట్లే.

ఇట్టి పరిశీలనలలో పేరుపొందినది 2017 లో నేచర్ పత్రికయందు ప్రచురితమైనది. 2008 మొదలు 2015 వరకు వ్యాసములు ప్రకటించిన సుమారు 1 కోటి 60 లక్షలమంది రచయితలను గమనింపగా, దేశము మారినవారు నూటికి 4 గురు మాత్రమేయని తేలినది. వారి వ్యాసములను ఇతరులు పేర్కొనుట, కదలనివారి వ్యాసములతో పోల్చినచో, సుమారు 40 శాతము అధికము. అయినను ఇచ్చట తొందరపడరాదు. ప్రయాణమువలన ప్రతిభ పెరిగినదా, ప్రతిభ కలవారికే ప్రయాణపు అవకాశము దొరకినదా అను సందేహమును ఈ అంకె ఒక్కటియే తీర్చజాలదు.

వేరొక చిక్కు పేర్లది. తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. విదేశీయుల సూచికలలో కడపటి పేరే ప్రధానము. అందుచే కల్యంపూడి రాధాకృష్ణారావు అచ్చట రావుగా నిలిచెను. రావులు వేలకొలదిగా నుండగా, అక్షరములు కలిసిన ఇద్దరిని యంత్రము ఒక్కనిగా చేయవచ్చును. ఒక్కనినే ఇద్దరుగా చీల్చవచ్చును. అట్లు జరిగినచో కదలనివాడు ప్రయాణించినట్లును, ప్రయాణించినవాడు అదృశ్యమైనట్లును కనబడును. ఈ చిక్కును తగ్గించుటకే 2012 నుండి పరిశోధకులకు ఆర్కిడ్ అను ప్రత్యేక సంఖ్య ఇయ్యబడుచున్నది.

ఎల్లాప్రగడ సుబ్బారావు ఉదంతము ఇంకను ఆలోచింపదగినది. 1895 లో భీమవరమున జన్మించి, 1920ల ఆరంభమున అమెరికా చేరి, హార్వర్డునందు ఫిస్కే అను ఆచార్యునితో కలిసి ఆయన 1925 లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి జీవరసాయన శాస్త్రమున అత్యంత ప్రసిద్ధికెక్కినది. దశాబ్దముల తరబడి పరిశోధకులు దానిని పేర్కొనుచునే యుండిరి. కాని నాటి ముద్రిత సూచికలలో పేర్కొనబడిన వ్యాసము మొదటి రచయిత పేరుక్రిందనే చేర్చబడుచుండెను. ఆ వ్యాసమున ఫిస్కే మొదటివాడు. సుబ్బారావు పేరుక్రింద వెదకినవానికి ఆ వ్యాసము కానరాదు. ప్రపంచమంతయు వాడిన పద్ధతికి కర్తలలో ఒకడైన తెలుగువాడు ఆ పట్టికలో లేడు!

1948 లో న్యూయార్కునందు మరణించువరకు సుబ్బారావు స్వదేశమునకు తిరిగి రాలేదు. వ్యాసములపై చిరునామాలు మాత్రమే చూచువాడు ఆయనను దేశమునకు కలిగిన నష్టముగా వ్రాసికొనును. కాని ఆయన నాయకత్వమున లెడర్లే పరిశోధనాలయమున వెలసిన డైఇథైల్ కార్బమజైన్ అను ఔషధము బోదకాలు వ్యాధిపై భారతదేశమున జరిగిన పోరాటమున ప్రధానాయుధమైనది. మనిషి రాలేదు, మందు వచ్చినది. ఆ మాత్ర మ్రింగిన పల్లెవాసి ఏ వ్యాసమునందును దానిని పేర్కొనడు కదా!

తిరిగివచ్చినవారిలో వులిమిరి రామలింగస్వామిని తలపవలెను. 1921 లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున వైద్యము చదివి, ఆక్స్‌ఫర్డునందు పరిశోధన పట్టమును 1951 లో పొంది ఆయన స్వదేశసేవకు అంకితుడయ్యెను. 1956 నుండి హిమాలయ పాదమునందలి కాంగ్రా లోయలో ఆయనయు సహచరులును కొన్ని ప్రాంతములకు అయొడిను కలిపిన ఉప్పును, వేరొక ప్రాంతమునకు మామూలు ఉప్పును సరఫరా చేయించి పరిశీలించిరి. అయొడిను ఉప్పు తిన్నచోట్ల గలగండ వ్యాధి తగ్గినది. 1962 లో జాతీయ గలగండ నివారణ కార్యక్రమము ఆరంభమైనది. పరదేశమున పదునుపెట్టిన బుద్ధి స్వదేశపు వంటింటి ఉప్పుడబ్బాలో చేరినది. వ్యాసముల లెక్కలో దీని కొస మాత్రమే కనబడును.

ఇక రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, 1946 లో కేంబ్రిడ్జికేగి, 1948 లో డాక్టరేటుతో కలకత్తాకు మరలి, దశాబ్దములపాటు శిష్యులను తీర్చి, 1970ల చివర అమెరికాకు వెడలెను. 1945 నాటి ఆయన వ్యాసమునందలి సిద్ధాంతము క్రామర్-రావు హద్దు అను పేర పాఠ్యపుస్తకములకెక్కినది. అట్లు ఎక్కిన పిమ్మట మూలవ్యాసమును పేర్కొనువారు అరుదగుదురు. జ్ఞానము అందరి సొత్తైన కొలదియు లెక్కలోనుండి జారిపోవుననుట ఈ శాస్త్రమునందలి వింత.

ఈ చర్చ పండితులకు మాత్రమే పరిమితమైనది కాదు. విదేశములనుండి మరలిన శాస్త్రజ్ఞులకు తాత్కాలికోపాధి కల్పించుటకై భారత ప్రభుత్వము 1958 లో సైంటిస్టుల పూల్ అను పథకమును నెలకొల్పినది. పునరాగమనమునకై జీవసాంకేతిక శాఖ నెలకొల్పిన వేతనమునకు రామలింగస్వామి పేరే పెట్టబడినది. ఎవరికి ఈ అవకాశము దక్కవలెను, ఎవరి కొలువు నిలువవలెను అని నిర్ణయించునపుడు అంకెలు బల్లమీదికి వచ్చును. కేవలము అంకెలనే నమ్మినచో, పల్లెల ఉప్పును పరీక్షించువానికంటె వ్యాసములను గుట్టగా పేర్చువాడే గొప్పవాడగును. అంకెలను త్రోసిపుచ్చినచో, పలుకుబడి కలవాడే గొప్పవాడగును. రెండును అన్యాయములే. అందుకే 2015 నాటి లైడెన్ ప్రకటన, సంఖ్యలు నిపుణుల వివేచనకు తోడ్పడవలెనే కాని దాని స్థానము నాక్రమింపరాదని ఘోషించినది.

కావున తూచువాడు మొదట త్రాసును పరీక్షింపవలెను. పేరు సరిగా నమోదైనదా, రెండవ రచయిత శ్రమ గణనకెక్కినదా, శిష్యులెందరు నిలిచిరి, ఆ జ్ఞానముచే రోగులకు, రైతులకు ఒరిగినదేమి అని అడుగవలెను. తెలుగు కుటుంబములలో బిడ్డలు విదేశములకేగిన ఇండ్లు నేడు అనేకము. వారు తిరిగివచ్చిరా లేదా అను ఒక్క ప్రశ్నతో వారి విలువ కట్టుట తగదు. వారు నేర్చినది ఎవరికి చేరినదని అడుగుట న్యాయము. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటలో గ్రంథమితి శాస్త్రము నమ్మదగిన సహాయకుడు. న్యాయమూర్తి మాత్రము కాదు.