లక్ష పాటలున్న ఇల్లు

రేడియో కేంద్రములలో పనిచేసినవారికి గ్రామఫోను రికార్డుల గదిని గూర్చి ఒక సంగతి తెలిసియుండును. అక్కడ రికార్డు పగులుట ఒక నష్టమే గాని, ఆ రికార్డును గూర్చిన కార్డు పోవుట అంతకంటె పెద్ద నష్టము. రికార్డు పగిలినచో పగిలినదని తెలియును. దొరికినచో మరియొకటి తెప్పింపవచ్చును. కార్డు పోయినచో రికార్డు బీరువాలో భద్రముగనే ఉండును. కాని ఉన్నదో లేదో ఎవ్వరికిని తెలియదు.

ఈ చిక్కు ఇప్పుడు మన ఇండ్లలోనికి వచ్చినది. తండ్రులు కొన్న క్యాసెట్లు, మనము కొన్న సీడీలు, పిల్లలు సేకరించిన ఫైళ్లు, అన్నియు కలిపి కంప్యూటరులోనికి ఎక్కించుకొన్న కుటుంబములు కలవు. అట్టి ఇంట లక్ష పాటలుండుట వింత కాదు. పాట ఒక్కింటికి అయిదు నిమిషముల చొప్పున లెక్కించినచో, రాత్రింబవళ్లు ఎడతెగక విన్నను అవి ముగియుటకు దాదాపు ఏడాది పట్టును. సీడీ నాణ్యతగల సంగీతము గంటకు సుమారు 635 మెగాబైట్లు. ఫ్లాక్ అను పద్ధతిలో, స్వరము ఏమాత్రము చెడకుండ, అది ఇంచుమించు 350కి తగ్గును. ఆ లెక్కన లక్ష పాటలు మూడు టెరాబైట్లలో ఇమిడిపోవును. నాలుగు టెరాబైట్ల డిస్కు ఒక్కటి చాలును. చోటు సమస్య తీరినది. వెదకుట సమస్య మిగిలినది.

వెదకి ఇచ్చు పనిని చేయునదే స్ట్రీమింగ్ సర్వరు. ఇంటిలో ఒక మూల చిన్న కంప్యూటరు ఎల్లవేళల నడుచుచుండును. దానికి పాటల డిస్కు తగిలించి ఉండును. అందలి సాఫ్ట్‌వేర్ పాటలన్నిటిని చదివి, పట్టికలు కట్టి, చేతి ఫోనునకు గాని, హాలులోని స్పీకరునకు గాని, అడిగిన పాటను అడిగిన చోటికి పంపును. ఇట్టి సాఫ్ట్‌వేర్‌లు పలువిధములు కలవు. వానిలో దేనిని ఎన్నుకొనవలెను అనునదే నేటి ప్రశ్న.

దీనికి మేము తొలుత తప్పు సమాధానము చెప్పుకొంటిమి. ఆ కథ ముందుగా వినిపింతుము.

మా పెదతండ్రిగారు సంగీతప్రియులు. కచేరీలు, హరికథలు, సినిమా పాటలు, ఇంటిలోని పెండ్లి పాటలు కూడ క్యాసెట్లకు ఎక్కించి పెట్టిరి. వారి తరువాత అవి మాకు వచ్చినవి. వానిని కంప్యూటరులోనికి మార్చి, చూచుటకు సొగసుగా ఉన్న ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకొంటిమి. రెండేండ్లపాటు సాయంకాలములందు కూర్చుండి, దాని తెరమీదనే పాటల పేర్లు, పాడినవారి పేర్లు, సంవత్సరములు వ్రాసితిమి. కొంత కాలమునకు అది మా అవసరములకు చాలక, మరియొక సాఫ్ట్‌వేర్‌కు మారితిమి. పాటలన్నియు వచ్చినవి, మేము వ్రాసినది ఒక్క అక్షరమును రాలేదు. ‘తెలియని గాయకులు’ అను శీర్షిక క్రింద 412 పాటలు, ‘ట్రాక్ 1’, ‘ట్రాక్ 2’ అను పేర్లతో వరుసగా నిలిచినవి.

అప్పుడే మా పెద్దమ్మగారు, ఎనుబది నాలుగేండ్ల ఆవిడ, తమ తల్లిగారు 1983లో ఇంటి పెండ్లిలో పాడిన అప్పగింతల పాట వినవలెనని అడిగిరి. మూడు సాయంకాలములు వెదకితిమి. దొరకలేదు.

“అయితే మా అమ్మ పాట పోయినట్టేనా?” అని ఆవిడ అడిగిరి.

“పోలేదు పెద్దమ్మా, ఎక్కడుందో తెలియటం లేదు, అంతే” అంటిమి.

“రెండింటికీ తేడా ఏముంది, నాయనా?” అనిరి.

మాకు రికార్డుల గది జ్ఞప్తికి వచ్చినది. మేము రెండేండ్లు వ్రాసినది కార్డులు మాత్రమే. అవి ఆ సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేసులో, అనగా దాని కార్డుల పెట్టెలో, ఉండిపోయినవి. రికార్డు మీద చీటీ అతికింపలేదు. పాట ఫైలులోనే పేర్లు వ్రాయుటకు చోటు కలదు. దానిని ట్యాగు అందురు. ట్యాగులో వ్రాసినది పాటతోపాటు ఎక్కడికైనను పోవును. కావున సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకొనుటకు ముందు చేయవలసిన పని ట్యాగులు వ్రాయుట. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్, ఎంపీత్రీట్యాగ్ అను సాధనములు ఇందుకు ఉపకరించును.

ఇందు మన సంగీతమునకు ప్రత్యేకమైన చిక్కులు కలవు. ‘మాయాబజార్’ (1957) పాటలను ఘంటసాల, లీల, సుశీల, మాధవపెద్ది సత్యం మున్నగువారు పాడిరి. ‘ఆల్బమ్ ఆర్టిస్టు’ అను గడిలో అన్ని పాటలకు ఒకే పేరు వ్రాయనిచో, పెక్కు సాఫ్ట్‌వేర్‌లు ఆ ఒక్క చిత్రమును అయిదారు ముక్కలుగా చీల్చి చూపును. కర్ణాటక సంగీతమున పాడినవారు ఒకరు, కృతికర్త వేరొకరు. కృతికర్త గడి ఖాళీగా ఉన్నచో త్యాగరాజ కృతులన్నిటిని ఒకచోట చూచుట అసాధ్యము. తోడి రాగమును ఇంగ్లీషు లిపిలో ఇద్దరు రెండు విధములుగా వ్రాసిన, యంత్రమునకు అవి రెండు రాగములు. తెలుగు లిపియో, ఇంగ్లీషు లిపియో, ఒకటి నిశ్చయించుకొని కడవరకు దానినే పాటింపవలెను.

ఇక సాఫ్ట్‌వేర్‌ల మాట.

నావిడ్రోమ్ అనునది ఉచితము. దాని మూల రచన అందరు చూడదగినది. సంగీతము కొరకే పుట్టినది. రాస్ప్‌బెరీ పై అను అరచేతి కంప్యూటరు మీద కూడ నడువగలదు. పెద్ద భాండారములను తొణకక మోయును. 2025లో వచ్చిన రూపాంతరములలో కృతికర్త, గీతరచయిత, వాద్యకారుడు మున్నగువారిని వేర్వేరుగా గుర్తించు శక్తి, ఇంటిలోని వారికి వేర్వేరు భాండారములు చూపు వీలు చేరినవి. అది ట్యాగులను మాత్రమే నమ్మును. ఫోల్డరుల వరుసను బట్టి చూపదు. ట్యాగులు లేని ఇంట ఇది లోపము. ఉన్న ఇంట ఇదియే క్రమశిక్షణ. ఫోల్డరుల వరుస వలదనుకొనలేనివారికి గోనిక్ అను చిన్న సర్వరు కలదు.

ఈ రెండును సబ్‌సోనిక్ అను పాత సర్వరు భాషను మాటలాడును. ఆ సబ్‌సోనిక్ మూల రచనను 2016లో మూసివేసిరి. అయినను దాని భాష నిలిచినది. ఆ భాష తెలిసిన ఫోను యాప్‌లు, సింఫోనియమ్, ఆంపర్ఫీ వంటివి, ఆ భాష మాటలాడు ఏ సర్వరుతోనైనను పనిచేయును. సర్వరు మార్చినను ఫోనులో అలవాటైన తెరను మార్చనక్కరలేదు.

జెల్లీఫిన్ 2018లో ఎంబీ అను సాఫ్ట్‌వేర్ నుండి చీలివచ్చిన ఉచిత శాఖ. సినిమాలు, సంగీతము ఒకేచోట కావలెనను కుటుంబమునకు అది తగినది. కాని దాని దృష్టి ప్రధానముగా చలనచిత్రముల మీదనే. ప్లెక్స్ ఒక కంపెనీ సొత్తు. దాని ప్లెక్సాంప్ యాప్ వినుటకు బాగుగనే ఉండును. కాని ఆ కంపెనీ ఖాతా లేక ముందుకు సాగుట కష్టము. రూన్ 2015లో వచ్చినది. 2023లో హర్మన్ సంస్థ దానిని కొన్నది. కళాకారుల వివరములు చదువుచు వినుట దానిలో గొప్ప సుఖము. వెల చెల్లింపవలెను, బలమైన కంప్యూటరు కావలెను. మనము చేసిన దిద్దుబాట్లు దాని డేటాబేసులోనే ఉండును, ఫైళ్లలోనికి పోవు. మా పెద్దమ్మగారి పాట గతి మరల పట్టవచ్చును.

లిరియన్ చరిత్ర వేరు. స్క్వీజ్‌బాక్సు అను వాద్యపేటికల కొరకు పుట్టిన సర్వరు ఇది. ఆ పేటికలు చేసిన సంస్థను 2006లో లాజిటెక్ కొన్నది; తరువాత పేటికల తయారీని మానివేసినది. మూల రచన తెరచి ఉన్నందున, వాడుకరులే దానిని నిలబెట్టుకొని 2024లో లిరియన్ అను పేరు పెట్టుకొనిరి. నాలుగు గదులలో ఒకే పాట ఒకే క్షణమున పలుకవలెనన్న నేటికిని ఇది మంచి ఎంపిక.

ఏది ఎన్నుకొన్నను, లక్ష పాటలను ఒక్కసారిగా దాని ముందు పోయరాదు. మీ భాండారములో చిక్కైన పాటలు ఒక అయిదువందలు ఏరి, వానితో పరీక్షింపుడు. యుగళగీతములున్న చిత్రము ఒక్కటిగా నిలిచినదా? తెలుగు లిపిలో వెదకిన దొరకుచున్నదా? ఆలాపన ఒక ఫైలు, కృతి మరియొక ఫైలు అయినపుడు నడుమ శ్రుతి తెగకుండ సాగుచున్నదా? బయట ఉన్నపుడు ఫోనునకు పాటను కుదించి పంపగలదా? ఓపస్ పద్ధతిలో 128 కిలోబిట్లకు కుదించినచో గంటకు అరువది మెగాబైట్లకు లోపే వ్యయమగును. ఒక ఫోల్డరును వేరొక చోటికి మార్చి మరల చదివించినపుడు, మీరు గుర్తు పెట్టుకొన్న పాటల గుర్తులు నిలిచినవా? కడపటిది ముఖ్యము: మీరు కూర్చుకొన్న పాటల వరుసలను ఎంత్రీయూ అను సాదా జాబితాగా వెలికి తీయవచ్చునా? లోనికి వచ్చుదారితోపాటు వెలుపలికి పోవుదారిని కూడ చూచుకొనవలెను.

మరి రెండు జాగ్రత్తలు. ఇంటి సర్వరును నేరుగా ఇంటర్నెట్టు ముందు నిలుపక, వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గమున చేరుకొనుడు. రెండు డిస్కులను జంటగా నడుపుట ప్రతిని దాచుకొనుట కాదు. పొరపాటున చెరిపిన పాట రెండింటిలోను ఒకేసారి చెరిగిపోవును. భాండారపు ప్రతి ఒకటి వేరొక బంధువుల ఇంట ఉండవలెను.

మేము కడకు నావిడ్రోమ్‌ను ఎన్నుకొంటిమి. ఆ నిర్ణయమునకు అరగంట పట్టినది. ట్యాగులకు ఏడు నెలలు పట్టినది.

పెద్దమ్మగారి పాట సంగతి చెప్పవలెను గదా. నాలుగవ సాయంకాలము ఆవిడనే ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ 412 ఫైళ్ల మొదటి పలుకులు ఒక్కొక్కటే వినిపించితిమి. దారిలో ఆవిడ మరి ముప్పది కంఠములను గుర్తుపట్టిరి. వారు ఎవరో మాలో ఎవ్వరికిని తెలియదు. తల్లిగారి పాట తగిలినపుడు ఆవిడ చేయి ఎత్తి ఆపుమనలేదు. పాట ముగియువరకు మాటలాడలేదు. తరువాత పాడినవారి పేరు, పెండ్లి ఎవరిదో, ఏ ఊరిలో జరిగినదో తామే చెప్పిరి. మేము ట్యాగులో వ్రాసితిమి.

శ్రోతలలో ఇట్టి భాండారము గలవారికి మా మనవి ఇంతే. సాఫ్ట్‌వేర్ వచ్చే నెలలోనైనను ఎన్నుకొనవచ్చును. మీ ఇంట కంఠములను గుర్తుపట్టగల పెద్దలున్నచో, ఈ ఆదివారమే వారి ప్రక్కన కూర్చుండి పేర్లు వ్రాసికొనుడు.