చాయ్ గాడా, కాఫీ బల్ల, సగ్గుబియ్యపు చాయ్

(ఉగాది సందర్భమున కుంఠా నాకా తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ సభలో చాయ్ కాఫీల మీద మాట్లాడుతామని మేము పేరిచ్చినప్పుడు కార్యదర్శిగారు కొంచెము సంశయించినారు. ఉగాదినాడు పంచాంగ శ్రవణము ఉండవలెను, కవిత్వము ఉండవలెను, నడుమ ఈ చాయ్ ఏమిటని వారి ఉద్దేశము. మేము పండితులము కాము. మెట్రిక్కుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. కాని కొన్ని నెలలుగా మన వాడలో ఇంటింటా నడుస్తున్న పోట్లాట ఒకటి ఉన్నది. అది కవిత్వము మీద కాదు, కాఫీ మీద. కాలేజీకి పోయే మన ఆడపిల్లలు కాఫీ హోటళ్లలో గంటలకొద్దీ కూర్చుంటున్నారట! ఒక ఇంట ఈ కారణము చేతనే పిల్ల చదువు రెండవ ఏట మాన్పించినారు. పేరు చెప్పము, తెలిసినవారికి తెలుసును. కనుక ఇది నవ్వులాట విషయము కాదని మనవి.

పెద్దలు చెప్పే మాట మొదట తీసుకొందాము. "చాయ్ మన తాతల నాటి అలవాటు. అది చాలక ఈ కాఫీలు, ఈ బబుల్ టీలు, ఈ పరాయి వేషాలు ఎందుకు?" అని అంటున్నారు. అయ్యా, చాయ్ మన తాతల నాటిది కావచ్చును గాని ముత్తాతల నాటిది మాత్రము కాదు. వారు కరీంనగరు, నల్లగొండ, ఓరుగల్లు, పాలమూరు వైపుల నుండి మగ్గము పని వెతుక్కొంటూ షోలాపురము చేరిన రోజులలో వారికి అంబలి తెలుసును, గటక తెలుసును, చాయ్ అలవాటు లేదు. మనము జునీ మిల్లు అని పిలిచిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1877లో పుట్టినది. ఆనాడు దాని గేటు ముందు చాయ్ గాడా ఉండి ఉండదు.

అస్సాము అడవులలో తేయాకు చెట్టు ఉన్న సంగతి ఇంగ్లీషువారికి 1823లో తెలిసినది. తోటలు వేసిన తరువాత కూడా పండిన ఆకులో చాలా భాగము ఓడలెక్కి విలాయతికి పోయేది. ఈ దేశపు వారిచేత తాగించితే మరింత అమ్ముడగును గదా అని తోటలవారికి తోచినది. 1903లో ఎగుమతి ఆకు మీద సుంకము ఒకటి పెట్టి, ఆ సొమ్ముతో ప్రచారము మొదలుపెట్టినారు. మొదటి ప్రపంచ యుద్ధపు రోజులలో గనులలో, కర్మాగారములలో, నూలు మిల్లులలో చాయ్ దుకాణములు పెట్టించి, పని నడుమ చాయ్ కొరకు కొంత విరామము ఇచ్చే ఏర్పాటు చేయించినారు. రైలు స్టేషన్లలో ఇనుప పలకల మీద రంగులతో, మన దేశ భాషలలో, చాయ్ కాచు విధానము రాసి వేలాడదీసినారు. నీళ్లు ఎంత, ఆకు ఎంత, ఎన్ని నిమిషములు అని అన్నీ లెక్కగా ఉండేవి. మహాత్మా గాంధీగారు చాయ్ వద్దని చెప్పినవారిలో ఒకరు. ఆరోగ్యము మీద వారు రాసిన పుస్తకములో ఆ మాట ఉన్నది. అనగా ఈ రోజు కాఫీ మీద మీరు చెప్పే మాట ఒకనాడు చాయ్ మీద కూడా చెప్పినారు. చెప్పిన పెద్దలు పోయినారు, చాయ్ నిలిచినది.

ఇక మన నాకా సంగతి. నాకా అంటే ఒకప్పుడు ఊరి పొలిమేరలో సరుకు మీద సుంకము తీసుకొనే చోటు. ఇప్పుడు మనము ఇచ్చే సుంకము చాయ్‌వానికే. పొద్దున కార్ఖానాలలో పాళీ మారే వేళ చూడండి. రాత్రి పాళీ దిగినవారు చెవులలో మగ్గము మోతతో వచ్చి నిలబడుతారు, ఎక్కేవారు కూడా అక్కడనే నిలబడుతారు. ఒక కటింగును ఇద్దరు పంచుకొంటారు. ముసలివారైతే బషీలో పోసుకొని ఊదుకొంటూ తాగుతారు. నూలు ధర, కూలి రేటు, ఎవరి కార్ఖానాలో మగ్గములు అమ్మకానికి వచ్చినవి, ఏ ఆఫీసులో మనుషులను తీసుకొంటున్నారు, అన్నీ అక్కడ తెలుస్తవి. మాకు రైల్వే ఉద్యోగపు ప్రకటన సంగతి తెలిసినది పత్రికలో కాదు, చాయ్ గాడా మీదనే. ఒక పెద్దమనిషి చాయ్ తాగుతూ, "ఒరే, నీవు మెట్రిక్కు పాసయినావు గదా, దరఖాస్తు పెట్టు" అన్నారు. ఆ మాటతో మా ఇంట పొయ్యి వెలిగినది.

మరి మేము ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతాము. మన గాడా మీద ఒక ఆడమనిషి నిలబడి చాయ్ తాగగా మీలో ఎవరైనా చూచినారా? మేము చూడలేదు. చాయ్ వారి ఇంటికే పోతుంది. పోయినా ఎట్లు తాగుతారు? ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు, పక్కన చల్లారిన గ్లాసు. కూలి వెయ్యి బీడీలకు లెక్క గనుక చెయ్యి ఆగితే సొమ్ము ఆగినట్లే. పొద్దున అన్నము బదులు ఒక చాయ్, మధ్యాహ్నము అన్నముతో ఒక చాయ్. డాక్టర్లు చెప్పే మాట ఒకటి అక్కలు దయచేసి వినండి. చాయ్‌లోని వగరు మనము తిన్న కూరగాయలలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. రక్తము తక్కువైనవారు అన్నముతో చాయ్ కలపక, గంట ఎడము ఇచ్చి తాగడము మేలు. ఇంత చాయ్ తాగిన ఊరిలో, ఆడవారికి నలుగురితో కూర్చుని తాగే చోటు ఒక్కటి లేకపోయినది. ఉద్యోగపు వార్త వారి చెవిన పడే చోటు కూడా లేకపోయినది.

ఇప్పుడు చోట్లు ఏర్పడుతున్నవి. మన ఊరు మిల్లుల ఊరు అనే పేరు మారి కాలేజీల ఊరు అవుతున్నది. దయానంద కళాశాల 1940లో, సంగమేశ్వర కళాశాల 1953లో వచ్చినవి. మన పద్మశాలి శిక్షణ సంస్థవారు ఆడపిల్లల కొరకే ఏ.ఆర్. బుర్లా మహిళా కళాశాల నడుపుతున్నారు. 2004లో ఈ ఒక్క జిల్లాకే విశ్వవిద్యాలయము వచ్చినది. బీడీలు చుట్టిన చేతుల కూతుండ్లు వాటిలో చదువుతున్నారు. తరగతి ఒకటి పదకొండుకు ముగిసి మరొకటి రెండింటికి ఉంటే ఆ పిల్ల ఎక్కడ కూర్చోవలె? మగపిల్లవానికి గాడా ఉన్నది, కట్ట ఉన్నది, మోటారు సైకిలు సీటు ఉన్నది. ఆడపిల్లకు కాఫీ హోటలు బల్ల ఉన్నది. అక్కడ ఎవరూ లెమ్మనరు. పంఖా ఉంటుంది, మంచినీళ్లు ఉంటవి, మరుగుదొడ్డి ఉంటుంది. ఈ చివరి మాట సభలో అనడానికి కొందరు మొహమాటపడుతారు. మేము పడము, అది అన్నిటికన్న ముఖ్యము.

మా అక్క కూతురు పూనాలో చదువుతున్నది. మన పిల్లలు చాలామంది హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కి అక్కడికే పోతున్నారు. 1931లో ఉరికంబమెక్కిన మన ఊరి నలుగురు వీరుల జ్ఞాపకార్థము ఆ బండికి ఆ పేరు. ఒకసారి ఆఫీసు పని మీద పోయి పిల్లను చూచినాము. ఫెర్గూసన్ కళాశాల 1885 నాటిది. దాని ముందరి రోడ్డు పొడుగునా తినడము, తాగడమే. ఒక పక్క అమృతతుల్యము అని పేరు పెట్టిన తియ్యని యాలకుల చాయ్, ఒక పక్క దక్షిణాది ఫిల్టరు కాఫీ, మరొక పక్క నురుగు పాల కాఫీ. మేనకోడలు మమ్ములను ఇంకొక దుకాణమునకు తీసుకొనిపోయినది. పెద్ద గ్లాసులో చల్లని పాల చాయ్, అడుగున నల్లని గోళీలు, వేలంత లావు గొట్టము. పీల్చగానే గోళీ వచ్చి గొంతు దగ్గర నిలిచినది. మేము తెల్లబోయినాము.

"మామా, నమిలి మింగు. భయము లేదు. అవి సగ్గుబియ్యమే" అన్నది పిల్ల.

తరువాత విచారించగా నిజమే. ఈ బబుల్ టీ తైవాను దేశములో 1980ల నాటిది. తైచుంగ్ పట్టణపు దుకాణమువారు మేమే మొదట చేసినామంటే, తైనాన్ వారు మేమే అని కోర్టు దాకా పోయినారట. కర్రపెండలపు పిండిని వేడి నీళ్లతో ముద్ద చేసి, బెల్లము వంటి నల్ల చక్కెర కలిపి, ఉండలు చుట్టి, ఉడికించి, పాకములో నానబెడుతారు. చాయ్‌ని మంచుతో గిలకొట్టగా పైకి వచ్చే నురుగే బబుల్. ఆ కర్రపెండలము నుండే మన సగ్గుబియ్యము వచ్చేది. అది తమిళదేశములో సేలం వైపున, మన ఆంధ్రలో పెద్దాపురము, సామర్లకోట వైపున తయారవుతున్నది. మన జిల్లాలోని పండరిపురములో ఆషాఢ ఏకాదశి నాడు ఉపవాసమున్నవారు తినే సాబుదానా ఖిచిడీ ఏమిటి? అదే పిండి. ఏకాదశికి పనికివచ్చిన గింజ గ్లాసులో పడగానే పరాయిది ఎట్లు అయినది? అయితే చక్కెర మాత్రము చాలా ఎక్కువ. చిన్నపిల్లలకు ఆ గోళీలు గొంతుకు అడ్డుపడవచ్చును, ఇవ్వకండి.

ఆ రోడ్డు మీదనే మరొక వింత. ఒక దుకాణములో గాజు సీసాలలో విడి ఆకు చాయ్ పెట్టి, తులముల లెక్కన, బంగారమువలె అమ్ముతున్నారు. విడి చాయ్ మనకు కొత్తా? కిరాణా కొట్టులో నాలుగణాల పత్తీ కాగితములో పొట్లము కట్టించుకొని వచ్చిన మా అవ్వ ఇది వింటే నవ్వేది. తేడా ఉన్నదనుకోండి. మనము కొనేది యంత్రములో నలిపి, చించి, చుట్టిన గింజ చాయ్. 1930 ప్రాంతములో అస్సాములో పుట్టిన విద్య అది. పాలు పోసి మరిగిస్తే ముదురు రంగు ఇస్తుంది. సీసాలలోనిది చుట్టుకొన్న నిండు ఆకు. మరిగించరాదు, వేడి నీళ్లు పోసి మూడు నాలుగు నిమిషములు మూతపెట్టవలెను. అదే ఆకుకు రెండవసారి నీళ్లు పోసినా రుచి వస్తుంది. లెక్క కట్టి చూస్తే అంత దండుగ కాదు. మాకు మాత్రము అది వేడి నీళ్లవలెనే ఉన్నది. అలవాటు లేని నాలుక అట్లే అంటుంది.

కాఫీని కూడా కోస్తావారి సొమ్ము అని మనవాళ్లు ఎగతాళి చేస్తారు. బాబా బుడన్ అనే ఫకీరు మక్కా యాత్ర నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటినాడని చెప్పుకొంటారు. ఇప్పుడు విశాఖ మన్యములో అరకు గిరిజనులు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. మన షోలాపురి చద్దరుకు ఉన్నటువంటి గుర్తింపే అది. చద్దరు నేసేవాని కూతురు అరకు కాఫీ తాగితే చేతిపనివానికి చేతిపనివాడు తోడు పోయినట్లే.

ఆనాడు పూనాలో ఆ బల్ల దగ్గర మేము చూచినది చెప్పవలెను. మా మేనకోడలుతో మరి ఇద్దరు పిల్లలు వచ్చినారు. ఒకతె భివండి నుండి, ఒకతె కరీంనగరు నుండి. భివండి పిల్ల తండ్రి కూడా మర మగ్గము మీద పనిచేసేవాడే. ముగ్గురు మూడు ఊళ్ల తెలుగు మాట్లాడుకొంటూ, ఒకరి మాటకు ఒకరు నవ్వుకొంటూ, ఒక విద్యార్థి వేతనపు దరఖాస్తు నింపుతున్నారు. తేదీ మరునాడే ముగుస్తుందట. మాకు తోచినది: ఇది వీరి గాడా. మాకు అక్కడ ఉద్యోగము దొరికినట్లే వీరికి ఇక్కడ దొరుకుతుంది.

ఇక ఖర్చు. ఈ మాటలో పెద్దల పక్షమున న్యాయమున్నది, కాదనము. పది రూపాయల చాయ్ ఎక్కడ, నూటయాభై రూపాయల గ్లాసు ఎక్కడ? ఆ గ్లాసు ఎన్ని బీడీలో తల్లికి వేళ్ల మీద తెలుసును. అందులో సగము కుర్చీ బాడుగ అని పిల్లలు గ్రహించవలెను. మా మేనకోడలు ముగ్గురికి ఒక్కటే గ్లాసు తెప్పించినది, మేము వచ్చినాము గనుక ఆనాడు రెండు. పిల్లలకు లెక్క తెలియదని అనుకోకండి.

అయితే కుర్చీకి బాడుగ ఇవ్వవలసి వస్తున్నది మన దగ్గర కుర్చీ లేకనే గదా! కనుక సంఘమువారికి ఒక మనవి చేసి దిగుతాము. మన చదువు గది సాయంత్రము ఐదు నుండి ఎనిమిది వరకు తాళము వేసి ఉంటున్నది. ఆ మూడు గంటలు ఆడపిల్లలకు, వారి తల్లులకు తెరిచి ఉంచండి. రెండు బల్లలు, పది కుర్చీలు, ఒక స్టవ్వు చాలును. ఉద్యోగ ప్రకటనలు వచ్చే పత్రికలు, తెలుగు, మరాఠీ రెండూ, మేము ప్రతి సోమవారము ఆఫీసు నుండి వచ్చేటప్పుడు తెచ్చి పెడుతాము. మగవారు ఆ వేళలో లోపలికి రారాదు, మాతో సహా. చాయ్ పత్తీ, చక్కెర మొదటి ఆరు నెలలు మావి. పాల సంగతి మాత్రము కోశాధికారిగారు చూచుకోవలెను. స్టవ్వు ఎవరింట అదనముగా ఉన్నదో ఈ సభ ముగిసేలోగా చెప్పితే రేపే తెచ్చుకొంటాము.