చాచా టీకి రావడం మానేశారు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు మీద మాట్లాడమన్నారు. స్కాలర్‌షిప్పుల సంగతి కార్యదర్శిగారు లెక్కలతో సహా చెప్పేశారు. అందుకని దాన్ని వదిలేసి, నాకు తెలిసిన ఒక ముసలి జంట గురించి చెబుతాను. పేర్లు చెప్పను, పోల్చుకోలేకుండా కొన్ని గుర్తులు కూడా మార్చాను. ఈ మాటలు ముందుగా చాచీకి చదివి వినిపించి, సరేనన్నాకే ఇక్కడికి వచ్చాను.

చాచాకు 72, చాచీకి 66. ఆయన ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాసి రిటైరయ్యారు. కూతురికి ఆదోనిలో ఇచ్చారు. కొడుకు కువైట్‌లో డ్రైవరు. కర్నూలు పాతబస్తీలో రెండు గదుల సొంత ఇల్లు. 2009 అక్టోబరు వరదలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆ ఇంటి గోడ మీద గీత ఇప్పటికీ కనిపిస్తుంది. ఎన్నిసార్లు సున్నం వేసినా చాచా ఆ గీత వరకే వేయిస్తారు. చాచీ కుట్టుమిషను ఆ నీళ్లలోనే పాడైతే మళ్లీ కొన్నారు. మొన్న మొన్నటిదాకా దాని మీదే చీరలకు ఫాల్సు కుట్టేది.

వాళ్ల దినచర్య నాకు గడియారం లాంటిది. ఫజర్ నమాజు కాగానే చాచా మసీదు నుంచి అటే హంద్రీ ఒడ్డుకు నడక. తర్వాత టీ అంగడి ముందు బెంచీ. మొత్తం ఐదుగురు. ఒకాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేశారు, ఒకాయన పోస్టాఫీసు, ఒకాయన బట్టల కొట్టు కొడుక్కి అప్పజెప్పిన పెద్దమనిషి, ఇంకొకాయన తెలుగు పండితులు. పేపరు ఒకటే కొంటారు. దాన్ని ఐదు ముక్కలు చేసి చదువుకుని, సగం చదవకముందే వాదన మొదలు. రోజుకొకరి వంతున టీ డబ్బులు. ఆదివారమైతే ఉగ్గాని బజ్జీ. చాచా తెల్లచొక్కా వేయనిదే ఆ బెంచీ మీద కూర్చోరు. చాచీ రాత్రి పడుకోబోయే ముందు దాన్ని ఇస్త్రీ చేసి మేకుకు తగిలిస్తుంది.

ఎనిమిదింటికి చేతిలో కొత్తిమీర కట్టతో ఇల్లు చేరతారు. "బయట తాగింది టీనా?" అని చాచీ మళ్లీ పెడుతుంది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఆయన ఎదురుగా కూర్చుని పేపరులో చదివిందంతా మళ్లీ చెబుతారు. ఫ్యాను రెండులో ఉండాలా మూడులో ఉండాలా అన్న గొడవ నాకు తెలిసి ఇరవై ఏళ్లుగా తెగలేదు. అసర్ తర్వాత చాచీ వచ్చి మా మెట్ల మీద కూర్చుంటుంది. ఆమె విహారం అంతే. బెంచీలు మగవాళ్లవి కదా.

పోయిన సంవత్సరం వానాకాలంలో చాచా టీకి వెళ్లడం మానేశారు. అడిగితే మోకాళ్ల నొప్పి అన్నారు. ఆర్టీసీ ఆయన పాపం, మోకాలికి తొడుక్కునే పట్టీ కొని ఇంటికి తెచ్చి ఇచ్చారు. మరుసటి రోజే చాచా నీళ్ల ట్యాంకు కడగడానికి నిచ్చెన ఎక్కి మిద్దె మీద కనిపించారు. నేను నవ్వుకున్నాను తప్ప ఆలోచించలేదు.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ పని పడింది. వేలిముద్రలు అరిగిపోయి పడటం లేదు, ఫోనులో ముఖం చూపించి చేయొచ్చని నాతో చేయించుకోవడానికి వచ్చారు. నంబరు కోసం పాసుబుక్కు తెరిచాను. నెల పింఛను 1,620 రూపాయలు. నేను గవర్నమెంటు టీచరును, నా లెక్కలో పింఛనంటే వేరు. ప్రైవేటు వాళ్ల ఈపీఎఫ్ పింఛనుకు డీఏ ఉండదు. ఆయన రిటైరైన రోజుల్లో జీతం ఎంతున్నా 6,500 మించి లెక్కలోకి తీసుకునేవారు కాదు. 2014లో కనీస పింఛను 1,000 రూపాయలు చేస్తే అదే పెద్ద వార్త అయింది.

ఆ రాత్రి నేను కూర్చుని లెక్క వేశాను. ఐదు టీలు 60 రూపాయలు. నెలకు ఆరుసార్లు వంతు వస్తే 360. అందులో ఒక్క ఆదివారం పడినా ఉగ్గాని బజ్జీకి ఇంకో 200. బీపీ, షుగరు మందులు 1,900. కొడుకు పంపేది నెల తప్పి నెల వస్తోంది, కొన్నిసార్లు అదీ లేదు. వంతు రాని రోజుల్లో వెళ్లి తాగి రావచ్చు కదా అనుకునే మనిషి కాదాయన.

చాచీని అడిగితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ చాచాకు మానేయడానికి ఒక బెంచీ అయినా ఉంది. నాకు మానేయడానికి పెళ్లిళ్లు తప్ప ఏమున్నాయమ్మా?" అంది. చదివింపులకు 500 లేక నాలుగు పెళ్లిళ్లకు వెళ్లలేదట. చూపు ఆనక ఫాల్సు కుట్టడం కూడా ఆపేసింది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. రెండేళ్ల క్రితం రంజాన్ రేషన్ కిట్ల జాబితాలో ఎవరో వాళ్ల పేరు రాశారు. నేనే కొట్టేశాను. "సొంత ఇల్లు, కొడుకు కువైట్‌లో, వీళ్లకెందుకు?" అన్నాను. కమిటీలో అందరూ తలాడించారు. ఉండే ఇల్లు జకాత్ లెక్కలోకి రాదని మనందరం మౌల్వీ సాబ్ నోట ఎన్నిసార్లు వినలేదు! చెయ్యి చాపని బీదవాళ్ల గురించి అల్ బఖరా సూరాలో ఉంది. చూసేవాడికి వాళ్లు కలిగినవాళ్లలాగే కనిపిస్తారని అక్కడే ఉంది. నేను ఇస్త్రీ చొక్కా చూసి మోసపోయాను.

ఇంకో సంగతి. పోయినేటి మన సంచిక చాచీకి ఇచ్చాను. కిట్లు ఇస్తున్న ఫొటోలున్న పేజీల దగ్గర ఆగి, ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి, "ఈమె వెనక వీధి ఆమె కదా... ఈయన కూడానా?" అంది. పుస్తకం మూసి నాకే తిరిగి ఇచ్చేసింది. దాతలకు లెక్క చూపించాలి, కాదనను. రసీదులు చూపిద్దాం, ఆడిటు చూపిద్దాం. ముఖాలు ఎందుకు? పుచ్చుకునేవాళ్లకు ఇది జకాత్ అని చెప్పి తీరాలన్న నియమం కూడా లేదు. ఇచ్చేవాడి మనసులో నీయత్ ఉంటే చాలు.

మీలో చాలామంది ఇళ్లలో పెద్దవాళ్లున్నారు. కన్నవాళ్లకు జకాత్ ఇవ్వకూడదు, ఎందుకంటే వాళ్లను చూసుకోవడం ఎలాగూ మన మీద ఉన్న బాధ్యత. మందులకు పంపుతున్నాం కదా అనుకుంటాం. వాళ్ల టీ వంతుకు, చదివింపులకు ఎంత కావాలో ఎప్పుడైనా అడిగామా? నేను మా అమ్మను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

చాచాకు ఈద్‌కు ముందు ఒక కవరు అందింది, అప్పటి నుంచి నెలనెలా అందుతోంది. పంపే అబ్బాయి చిన్నప్పుడు ఆయన వరండాలో కూర్చుని లెక్కలు నేర్చుకున్నవాడే. "మీ దగ్గర చదువుకున్న పిల్లవాడు ఈదీ పంపాడు" అన్నాను. అబద్ధం కాదు. చాచా చాలాసేపు కవరును అటూ ఇటూ తిప్పి, "ఎవరు, ఆ లెక్కలు రానివాడా?" అన్నారు. పేరు మాత్రం అడగలేదు.

చాచీ సంగతి అలాగే ఉంది. మన సంఘం భవనంలో కింది గది మధ్యాహ్నం నుంచి తాళం వేసి ఉంటుంది. అసర్ నుంచి మగ్రిబ్ దాకా దాన్ని ముసలి ఆడవాళ్లకు తెరిచి, నాలుగు కుర్చీలు, ఒక ఫ్లాస్కు పెట్టగలమా? బాత్రూము మెట్టు ఎత్తుగా ఉంది, దాన్నీ సరిచేయాలి. కమిటీ పెద్దలు దీన్ని తీర్మానంలో రాసుకోవాలని అడుగుతున్నాను.

చాచా మళ్లీ బెంచీ దగ్గరికి వెళ్తున్నారు. ఆర్టీసీ ఆయన బాధపడతాడని ఆ మోకాలి పట్టీ కూడా వేసుకునే వెళ్తున్నారు. తిరిగి రాగానే విప్పేసి, ఇది తొడుక్కున్న దగ్గర్నుంచే కాలు నొప్పిగా ఉందని చాచీతో అంటున్నారట.