కేసీ కాలువ కింద చౌడు

ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడామో, ఆ మా సారు నేలల పాఠానికి పుస్తకం తెచ్చేవారు కాదు. గుడ్డమూట విప్పి గుప్పెడు మన్ను బల్లమీద పోసి, "నాలుకకు రాసుకొని చెప్పు" అనేవారు. ఆ ఉప్పన ఇప్పటికీ నా నోట్లో ఉంది.

చౌడు మనకు కొత్త కాదు. ఉప్పర్ల పేరులోనే ఉప్పుంది. ఉప్పుమన్నును నీళ్లలో కలిపి, వడగట్టి, ఎండబెట్టి ఉప్పు తీసే పని వాళ్లది. బ్రిటిష్ సర్కారు ఉప్పుపన్ను కోసం దత్తమండలాల్లో ఆ పనిని అణిచేసింది. రజకులు చౌడుమన్నుతోనే బట్టలు ఉడకేసేవాళ్లు. అంటే చౌడు ఉండే చోటేదో ఊరికి తెలుసు. అది పంటచేని నడిమికి ఎలా వచ్చింది?

1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు కాలువ తవ్వింది. అదే కర్నూలు-కడప కాలువ, మన కేసీ కాలువ. అందులో పడవలు కూడా నడపాలనుకున్నారు. కాలువ వచ్చింది గానీ రైతు కదల్లేదు. నల్లరేగడిలో జొన్న, కొర్ర, పత్తి వానకే పండేవి. రాబడి లేని ఆ కాలువను చివరికి 1882లో సర్కారే కొనుక్కుంది. ఆ రైతును మొండివాడనడానికి నాకు నోరు రాదు. రేగడి ఒకసారి నీళ్లు పట్టిందంటే తొందరగా వదలదని అతనికి తెలుసు.

తర్వాత తుంగభద్ర డ్యామ్ వచ్చింది. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేసీ కాలువకు 39.9 టీఎంసీలు ఇచ్చింది. వరి పెరిగింది. కరువు చూసిన కళ్లకు ఆ పచ్చదనం ఎంత సంతోషమో నాకు తెలుసు, ఆ సంతోషాన్ని తక్కువ చేయను. కానీ నీరు తెచ్చుకున్నంత శ్రద్ధగా నీరు పోయే దారి చూసుకోలేదు. తడిస్తే ఉబ్బి బిగుసుకునే బంకమన్నులో నీరు దిగదు. ఎండకు ఆవిరై ఉప్పును పైన వదిలేస్తుంది. అడుగు నీళ్లు పైకొచ్చిన చోట కింది ఉప్పు కూడా వాటితోపాటే ఎక్కుతుంది. మెసొపొటేమియా పొలాలూ ఇలాగే పాడయ్యాయి.

పొద్దున నల్లగా కనిపించిన మడి మధ్యాహ్నానికి గట్ల వెంట సున్నం చల్లినట్టు తెల్లబడుతుంది. నారు కొసలు మాడతాయి. అది తెల్ల ఉప్పు తేలే పాలచౌడయితే మంచినీళ్లు నిలగట్టి, కడిగి బయటికి పంపాలి. సోడియం పట్టి బిగిసిన కారుచౌడయితే ముందు జిప్సం వేసి కలియదున్నాలి, తర్వాత కడగాలి, జీలుగ వేసి పూతకు ముందే దున్నేయాలి. ఏదయినా ఆ కడిగిన నీరు ఎక్కడికో పోవాలి కదా! పక్కవాడి మడిలోకి వదిలితే గొడవ. మురుగుకాలువ ఊరంతా కలిసి తవ్వుకోవలసింది, ఏటా పూడిక తీసుకోవలసింది.

కుందూ నది దగ్గర ఒక రైతు నన్ను తన పొలానికి తీసుకెళ్లాడు. జిప్సం రెండేళ్లు వేశాడట, నేల మారలేదు. మురుగుకాలువ ఏది అని అడిగాను. వేలు చూపించాడు. అక్కడ మనిషెత్తున జమ్ము పెరిగి ఉంది.