ఐదవ బ్యాటరీ

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా శింగనమలలో జరిగిన సభలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠము)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని స్పష్టమైంది. ఆ రోజును తలచుకునే ఏటా ఇలా కలుస్తున్నాము. కార్యదర్శిగారు నన్ను డి.ఏ. బకాయిల మీద మాట్లాడమన్నారు. వాటి మీద నాకంటే బాగా మాట్లాడేవారున్నారు. ఆ పెన్షను డబ్బుతోనే నేను చేసిన ఒక తప్పును మీకు చెప్పదలచుకున్నాను.

మా ఇంట్లో ఒక ఎలక్ట్రిక్ బండి ఉంది. మందులకు, బ్యాంకుకు పోయి రావడానికని మా అబ్బాయి కొనిచ్చాడు. సీటు కింద 12 వోల్టుల సీసపు బ్యాటరీలు నాలుగు, మొత్తం 48 వోల్టులు. గంటకు 25 కిలోమీటర్లు దాటదు. నాకది చాలు. మా మనవడికి చాలలేదు. "తాతా, సైకిళ్ళు గూడా దాటుకొని పోతాండాయి, ఇంకో బ్యాటరీ ఏయిస్తే పరిగెత్తుతాదంట" అన్నాడు. నేను సందేహిస్తే, "వోల్టేజి తక్కువైతేనే గదా మన బోరు మోటార్లు కాలేది, ఎక్కువైతే మంచిదే గదా" అన్నాడు. లో వోల్టేజికి మోటారు కాలి, చుట్టించడానికి అనంతపురం మోసుకుపోని రైతు మన వైపు ఎవరున్నారు? మాట నిజమే అనిపించి డబ్బు ఇచ్చాను. 33 ఏళ్ళ సర్వీసులో నోటు లేకుండా ఒక్క ఫైలూ పైకి పంపని వాడిని, దీన్ని మాత్రం చదవకుండానే సంతకం పెట్టాను.

బండి 30 దాటింది. మూడో వారంలో చెరువు కట్ట దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు పట్టినా బండి ఆగలేదు. పిల్లవాడు పడ్డాడు, భుజం ఎముక విరిగింది. దేవుడి దయవల్ల తలకు ఏమీ కాలేదు. ఆసుపత్రిలో వాడి పక్కన కూర్చున్న రాత్రే నేను ఈ ఫైలు మొదటినుంచి చదవాలని నిశ్చయించుకున్నాను. తెలిసిన ఇంజనీర్లను అడిగి తెలుసుకున్నది మీకు మనవి చేస్తాను.

బోరు మోటారు వేరు, బండి మోటారు వేరు. బోరు మోటారు వేగం లైనులో వచ్చే 50 సైకిళ్ళను బట్టి ఉంటుంది. వోల్టేజి తగ్గితే అదే బరువును లాగడానికి ఎక్కువ కరెంటు గుంజి కాలిపోతుంది. బండి మోటారు వేగం వోల్టేజిని బట్టే పెరుగుతుంది. 48ని 60 చేస్తే వేగం ఇంచుమించు పావు వంతు పెరగవచ్చు. అంతవరకు మెకానిక్ చెప్పింది నిజమే. ఆ పావు వంతుకు ఏమి చెల్లించాలో మాత్రం ఆయన చెప్పలేదు.

వేగం పావు వంతు పెరిగితే గాలిని చీల్చుకుని పోవడానికి దాదాపు రెట్టింపు శక్తి కావాలి. బ్రేకు ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. బ్రేకులు మాత్రం పాతవే. మా వాడు పడింది ఈ లెక్కలోనే.

ఇక కంట్రోలర్ అనే పెట్టె ఉంది. 48 వోల్టుల బండ్లలో దాని లోపలి కెపాసిటర్లు సాధారణంగా 63 వోల్టులవి. నిండా చార్జి అయిన ఐదు బ్యాటరీలు కలిస్తే 65 వోల్టులు. అవి ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయి?

ఇంకొకటి. బ్యాటరీలు మరీ దిగిపోకుండా ఆ పెట్టె 42 వోల్టుల దగ్గర బండిని ఆపుతుంది. నాలుగు బ్యాటరీలకు అది తలా పదిన్నర, సరిపోయింది. ఐదింటికి తలా 8.4 వోల్టులు. అంటే ఆపవలసిన చోట ఆపదు, బ్యాటరీలు చెడిపోతాయి. పైగా నాలుగు పాతవి, ఒకటి కొత్తది. ముసలి ఎద్దును, కోడెను ఒకే కాడికి కట్టినట్టే.

చట్టం మాటా వినండి. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం 25 కిలోమీటర్లకు లోబడి ఉన్నందువల్లనే ఆ బండికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. అది దాటితే మోటారు వాహనమే. ప్రమాదం జరిగితే కాగితాలు లేని వాహనం మనదవుతుంది. రిజిస్ట్రేషను ఉన్న బండిని అనుమతి లేకుండా మార్చినా, 2019 సవరణ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. యజమాని అంటే, మిత్రులారా, చాలా ఇళ్ళలో మనమే.

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ళ పెద్దాయన మరణించారు. అదే నెలలో విజయవాడలోనూ అలాగే మరొకరు పోయారు. వాటిలో వోల్టేజి పెంచారని నేను అనడం లేదు. కంపెనీ తయారుచేసిన వాటికే అంత జాగ్రత్త కావాలంటే, వీధి చివర అతికించిన వాటి సంగతి ఆలోచించండి. ఆ తరువాతే 2022 డిసెంబరు నుండి ప్రభుత్వం బ్యాటరీల భద్రతా నిబంధనలను కఠినం చేసింది.

బండి మెల్లగా పోతున్నదంటే ముందు టైర్లలో గాలి చూడండి, బ్రేకు పట్టేసి ఉందేమో చూడండి. సీసపు బ్యాటరీకి ఎండ శత్రువు. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు దాని ఆయుష్షు సగమవుతుందంటారు. మన ఎండల్లో తిరిగి వచ్చిన బండిని నీడలో చల్లారనిచ్చి, పడుకునే గది బయట చార్జింగు పెట్టండి. పిల్లలకు వేగమే కావాలంటే, ఆ వేగానికి తగిన బ్రేకులతో, రిజిస్ట్రేషనుతో వచ్చే బండినే కొనివ్వండి.

మా వాడి భుజం అతుక్కుంది. ఐదవ బ్యాటరీ తీయించాను. ఇప్పుడు వాడూ 25లోనే పోతున్నాడు. మనవళ్ళు అడిగితే కాదనలేని ప్రేమ మనది. అయినా డబ్బు ఇచ్చే చేయి ఒక ప్రశ్న కూడా వేయాలని మీ అందరికీ విన్నవించుకుంటున్నాను.